నర్సన్న మామ బండి తక్రారు

తప్పు నాదే. ముందుగాల్నే ఒప్పుకుంటున్న. సిరొంచ స్టాండు మీద ఈ ముచ్చటను ఇప్పటికే నాలుగు తీర్ల చెప్పుకుంటున్నరు, నాలుగిట్ల గూడ నేనే దొంగను. అది నిజమే గని, ఎట్ల దొంగనైననో ఎవ్వలు సక్కగ చెప్తలేరు. నేను దొంగ గొంతుతోని ఒక పెద్దమనిషికి ఫోన్ల మాట్లాడి, బ్రేకులు పోతున్న బండిని బాగుచేపియ్యకుండ ఆపిన. ఎవ్వల పాణమన్న తీద్దామని కాదు, జర నవ్వుకుందామని. ఆ నవ్వు ఆ పెద్దమనిషితోని పాటు పదకొండు మంది ఆడోళ్లను వాగు దాక తీస్కపోయింది.

నా పేరు సుధాకర్. స్టాండుకు ఎదురుంగ రేకుల డబ్బాల ఫోన్లు బాగుచేస్త. ఎవ్వలు నేర్పలే. మా ఇంట్ల ఫోన్లన్నీ ఇప్పి పాడుచేసి, మళ్ల ఎట్ల అతికియ్యాల్నో వీడియోలు చూసి నేర్చుకున్న. గొంతులు మార్చి మాట్లాడుడు గూడ అట్లనే వచ్చింది. తహసీల్ ఆఫీసు సాబు లెక్క, కరెంటు లైన్‌మన్ లెక్క, బ్యాంకు మేడం లెక్క ఎట్లంటె అట్ల మాట్లాడ్త. స్టాండు మీద నా చేతిల మోసపోనోడు లేడు. మోసపోయినంక వాళ్లే చాయ్ తాగిపిచ్చేది, ఇంకొకన్ని మోసం చెయ్యమని.

నర్సన్న మామ నాకు చుట్టమేం కాదు. ఎవ్వలు కనవడ్డా అల్లుడా అని పిలుస్తడు కాబట్టి అందరికి మామైండు. యాభై ఎనిమిదేండ్లుంటయి. బక్కగ, నల్లగ, ఎండిన చెరుకుగడ లెక్క ఉంటడు. చెప్పులేసుకోడు. బండి గూడ ఉత్త కాళ్లతోనే నడుపుతడు.

ఇర్వై రెండేండ్లు ఆయన గోదావరి మీద నావ నడిపిండు. ఈ ఒడ్డుకు సిరొంచ, ఆ ఒడ్డుకు కాళేశ్వరం. నావ అడుగు చెక్క మీద పాదం ఆనిస్తే నీళ్ల లోతెంతనో, ఇసుకదిబ్బ ఎంత దూరమున్నదో తెలుస్తుండెనట. బ్రిడ్జి పడుతున్నన్ని దినాలు ఆ కమ్మీల కిందికెల్లే మనుషులను దాటిచ్చిండు. ఆఖరు దినం నావల ఒక మనిషి, రెండు మేకలు ఎక్కినయట. మనిషి దిగి మళ్ల ఎనుకకు చూడకుండ పోయిండట గని, మేకలు దిగుతమంటె దిగలేదట. ఆ మేకలకున్న ఇమానం ఈ సిరొంచోళ్లకు లేకపాయె అల్లుడా అని ఎన్నోసార్లు అన్నడు.

నావ పోయినంక ఒక పాత వ్యాను తెచ్చుకున్నడు. తెచ్చుకున్ననాటికే అది ముసల్ది. నడుపుడు ఎండకాలంల ప్రాణహిత ఇసుకల నేర్చుకున్నడు. ఇసుకల అయితే ఎంత తప్పు చేసినా బండి దానంతట అదే నిలవడ్తదని. నెల దినాలు ఇసుకలనే చక్కర్లు కొట్టిండు. మొదటిసారి తారు రోడ్డు ఎక్కిన్నాడు చెమటలు పట్టి దిగిపోయిండట. నీళ్లు ఆపుతయి, ఇసుక ఆపుతది, తారు రోడ్డు ఎవ్వన్ని ఆపది, గదే దాని బీమారి అంటడు. గోదావరి నిండ పారుతున్నప్పుడు అటు ఇటు తిరిగినాయనకు రోడ్డంటె గుండెదడ. ఎప్పుడు లొడలొడ మాట్లాడే మనిషి, రోడ్డుకు ఏదన్న దిగుడు, పల్లం వస్తున్నదంటె బందువడ్తడు. రోజు ఎక్కేటోళ్లకు ఎరుకే. మామ నోరు మూసిండంటె ముంగట దిగుడున్నదని సీటు గట్టిగ పట్టుకుంటరు.

మా స్టాండు మీద అసొంటి వ్యాన్లు ఏడున్నయి. ఏడింటికి ఏడు, కంపెనీ తయారుచేసుడు బందువెట్టి ఏండ్లయిన రకం. సామాను దొరకది. ఒక బండి సచ్చిపోతే మిగిలిన ఆరుగురు దాని చుట్టు మూగి ఎవనికి కావల్సింది వాడు పీక్కపోతరు. అందుకని నేను వాట్సాప్ల ఒక గ్రూపు పెట్టిన. రోజు పొద్దుగాల ఎవని బండికి ఏమైందో అండ్ల గొంతుతోని చెప్పాలె, తెలిసినోడు ఉపాయం చెప్తడు. ఇది నేను వాళ్లకు చెప్పిన కారణం. అసలు కారణం, అవి ఇని నవ్వుకునుడు. ఒకాయనది బామని ఊరి కాడ తలుపు ఊడి చేతిలకొచ్చిందట, ఒక చేత్తోని తలుపు పట్టుకొని ఒక చేత్తోని స్టీరింగు తిప్పుకుంట ఇంటికొచ్చిండట. ఇంకొకాయన సీటు కింద ఇంజను కాలి పొగొస్తుంటె, ఎనుక కూసున్న ముసలామె ఊదుబత్తి మంచి వాసనున్నది అన్నదట.

నేను నవ్వేటోన్ని గని, వాళ్ల గొంతులల్ల నవ్వుండకపోవు. చెప్పుకుంట చెప్పుకుంట ఒకకాడ ఆగుతరు, ఊపిరి తీసుకుంటరు, ఇంట్ల చెప్పకుండ్రి అంటరు. నేను ఆ కాడికి రాంగనే ఇంకో మెసేజికి దుంకేటోన్ని.

నర్సన్న మామవి అన్నిట్ల పొడుగు మెసేజులు. ప్రతిసారి అందరికి నమస్కారం, నర్సన్నను మాట్లాడుతున్న అని మొదలువెడ్తడు. ఆయన బండి సైడు తలుపు జారి తెరుచుకుంటది, అందుకని పాత నావ తాడుతోని కట్టిండు. మూడో గేరు నిలవడది, చెయ్యి తీస్తే ఎగిరి బయటికొస్తది. హ్యాండ్‌బ్రేకు వైరు తెగి ఎన్నేండ్లయిందో ఆయనకే యాదికి లేదు. స్టీరింగు పావు చుట్టు తిప్పినంకగని చక్రానికి కబురు పోదు. ఎడమకు తిప్పితే హారన్ దానంతట అదే కొడ్తది. కాళ్ల కింద రేకు తుప్పుపట్టి బొక్కవడ్డది, అండ్లకెల్లి రోడ్డు కనవడ్తది. భయమైతలేదా మామ అని అడిగితే, నీళ్లయితే వస్తలేవు గద అన్నడు.

వీటన్నిటికి ఆయన అలవాటువడ్డడు గని, బ్రేకుకు అలవాటువడలే. అది రెండుసార్లు తొక్కితెగని పట్టది. ఒక్కొక్కనాడు మూడుసార్లు. ఇండ్ల నవ్వేదేమున్నదని ఇప్పుడు అనిపిస్తది.

ఒకనాడు స్టాండు మీద నేను ఫోన్ల చదివిన ముచ్చటొకటి చెప్పిన. వేరే దేశాలల్ల బండ్లోళ్లు తమ బండికి ఏం లోపమున్నదో రాసి పంపుతరట. చానమంది ఒక్కటే లోపం రాస్తే, కంపెనీ ఆ బండ్లన్నిటిని వాపస్ పిలిచి ఊకెనే బాగుచేసిస్తదట. స్టాండంత నవ్వింది. వాపస్ పిలిస్తే మనయి కంపెనీ గేటు దాక పోతయా అన్నడొకడు. నర్సన్న మామ నవ్వలే. చాయ్ గ్లాసు పక్కకు పెట్టి, మనకు గూడ అసొంటి నెంబర్ దొరుకుతదా అల్లుడా అని మెల్లగ అడిగిండు.

లేదు మామ అంటె అయిపోవు. నేను నా రెండో సిమ్ నెంబర్ ఇచ్చిన.

తెల్లారి పదకొండు గంటలకు ఆయన ఫోన్ చేసిండు. నేను డబ్బా ఎనుకకు పోయి, మూతికి దస్తీ అడ్డం పెట్టుకొని, మరాఠీ హిందీ కలిపి నాగపూర్ సాబు లెక్క మాట్లాడిన. రేకుల సందులకెల్లి, రోడ్డుకు అవతల ఉన్న ఆయన నాకు కనవడ్తనే ఉన్నడు. కూసున్నాయన నా గొంతు ఇనంగనే లేచి నిలవడ్డడు. భుజం మీది తువ్వాల తీసి చంకల పెట్టుకున్నడు. డాక్టరుకు నొప్పులు చెప్పినట్టు ఇర్వై నిమిషాలు ఒక్కొక్కటే చెప్పిండు. నేను ఊ అనుకుంట, నవ్వు ఆపుకోనీకె పెదివి కొరుక్కుంట ఇన్న. ఆఖరుకు బ్రేకు ముచ్చటొచ్చింది.

“సాబ్, దిగుడుల కాలు పెడితే కింద ఏం లేనట్టయితది,” అన్నడు. “నీళ్ల మీద కాలువెట్టినట్టు. నాకు నీళ్లంటె భయం లేదు సాబ్. గని ఎనుక మంది కూసుంటరు.”

ఒక్క గడియ నాకు నవ్వు రాలే. మళ్ల వచ్చింది.

తక్రార్ నోంద్ ఝాలీ అన్న, అంటే నీ ఫిర్యాదు రాసుకున్నం అని. మా ఇంజనీరు ఎనిమిది దినాలల్ల వస్తడు, అప్పటిదాక బ్రేకు ఎవ్వలతోని ఇప్పియ్యొద్దు, ఇప్పితే మా జిమ్మేదారి ఉండది అని గూడ అన్న. ఈ ఆఖరు మాట ఎందుకన్నంటె, ఆఫీసోళ్లు ఫోన్ పెట్టేముందు ఏదో ఒకటి చెయ్యొద్దని చెప్తరు గద. అదుంటె అసలు లెక్కుంటదని. ఆయన సరే సాబ్, సరే సాబ్ అన్నడు. ఫోన్ పెట్టేసినంక గూడ జరసేపు నిలవడే ఉన్నడు.

సాయంత్రం చెప్పి నవ్విద్దామనుకున్న. అదే దినం మంచిర్యాలల మా మేనబావ పెండ్లని ఫోనొచ్చింది, బస్సెక్కిన. పెండ్లి పనులల్ల పది దినాలు పోయినయి. రెండో సిమ్ తీసి సంచిల ఏసిన, మర్చిపోయిన. గ్రూపుల మెసేజులు గూడ ఇనలే.

వాపస్ వచ్చి పొద్దుగాల తొమ్మిదింటికి డబ్బా తెరుస్తున్ననో లేదో ఎల్లక్క అత్త వచ్చింది. నర్సన్న మామ పెండ్లాం. కంపెనీ ఇంజనీరు ఎప్పుడొస్తడో ఫోన్ల చూసి చెప్పు బిడ్డా అన్నది. ఆయన వస్తడని పది దినాల సంది కోడిని కట్టేసిందట. ఈ నడుమ అది గుడ్లు పెడ్తున్నదట, కోద్దామంటె మనసొప్పుతలేదట. మామ రోజు బండి కడుగుతున్నడట. సాబు తొవ్వల ఎదురువడ్తడేమో అని ఇస్త్రీ చేసిన తెల్లంగి ఏసుకొని నడుపుతున్నడట. మెకానిక్ రాకేష్ బ్రేకుకు కొత్త రబ్బరు తెప్పించి, ఏసిస్త రా అంటె, కంపెనీ ఇప్పొద్దన్నది అని చెయ్యి గూడ పెట్టనియ్యలేదట.

మామ యాడున్నడు అత్తా అన్న. పెర్మిలి పోయిండు అన్నది. తెలంగాణకు మిరపకాయలు ఏరవోయిన ఆడోళ్లు పదకొండు మంది ఇండ్లకు పోతున్నరు, కూలికి బదులు ఇచ్చిన మిరపకాయ బస్తాలు గూడ ఉన్నయి, అందరిని ఎక్కించుకొని ఇంత ముందుగాల్నే ఎల్లిండు అన్నది.

నా బైకు తీసుకొని రాకేష్ షెడ్డుకు ఉరికిన. వాడు పానా కింద పెట్టకుండనే చెప్పిండు. ఎనుక ఎడమ చక్రం లోపల రబ్బరు తినిపోయింది. బ్రేకాయిలు కారుతున్నది, ముసలాయన రోజు సీసా తెచ్చి పోస్తున్నడు. పొద్దుగాల బండి నిలవడ్డ జాగ చూపెట్టిండు. మట్టిల అరచేతంత తడి. ఇది ఎంత దూరం ఆపుతది అని అడిగిన.

“ఖాళీ బండయితే ఎట్లన్న చేసి వాపస్ తెస్తడు,” అన్నడు రాకేష్. “ఇయ్యాల ఎంత బరువేసిండో చూసినవా? పైన బస్తాలు, లోపల మనుషులు. ఒక్క దిగుడుల నాలుగైదుసార్లు తొక్కాల్సొస్తే, ఐదోసారికి ఏముండదు.”

వాని మాట అయిపోకముందే బైకు తిప్పిన.

పెర్మిలి పొయ్యే అల్లపల్లి రోడ్డు ఎక్కిన. మామకు ఫోన్ కొడ్తనే ఉన్న. బామని దాటితే అడివిల సిగ్నల్ ఒకకాడుంటది, ఒకకాడుండది. నడుపుకుంట కొట్టుడు, ఆగి కొట్టుడు. అప్పుడు నాకు ఇంకో భయం పట్టింది. నేను సుధాకర్‌నని చెప్తే మామ ఇంటడా? నేను చెప్పింది ఎన్నడన్న నిజమయ్యిందా? స్టాండు మీద నేను పాము అంటె అందరు చాయ్ తాగుకుంటనే ఉంటరు. ఆయన ఇనేది ఒక్క కంపెనీ మాటనే.

సంచిల చెయ్యివెట్టి రెండో సిమ్ తీసి ఏసిన. అది రెండుసార్లు రోడ్డు మీద పడ్డది. ఒక మోరీ మీద రెండు గీతల సిగ్నల్ దొరికింది. ఫోన్ కలిసింది. ఇంజను చప్పుడు, ఎనుక ఆడోళ్ల మాటలు ఇనవడ్డయి.

నేను సాబు గొంతుతోని గాడీ థాంబవా, బండి ఆపు అన్న. అటుదిక్కు సంబురంగ, “సాబ్, నమస్కారం సాబ్, ఎప్పుడొస్తున్నరు?” అన్నడు. ఆపు అని ఇంకోసారి అన్న. “ఇంట్ల అన్ని తయారున్నయి సాబ్,” అన్నడు. అంతే, కట్టయ్యింది. మళ్ల కలవలే.

ఆ సంబురం నా చెవులల్ల ఉండిపోయింది. బండి ఎంత జోరుగ నడిపిన్నో నాకు తెల్వది. ప్రతి మూల కాడ ఒక్కటే అనుకుంటున్న, ఈ మూల తిరుగంగనే కనవడ్తది, బోర్లవడి, చక్రాలు పైకి. మూల తిరిగితే ఏముండకపోవు, ఉత్త రోడ్డు, ఎండుటాకులు. ఏం లేదని జర పాణం కుదుటవడ్తది, ఇంకో మూలొస్తది. పెద్ద చెట్టు ఏది చూసినా దానికి గుద్దుకున్నట్టే అనిపిస్తది. ఎదురుంగ వచ్చిన ఒక లారీ డ్రైవరు ముఖం చూసిన, ఏదన్న చూసొచ్చినట్టున్నడా అని. వాడు బీడీ తాగుతున్నడు.

ఉమానూర్ల చాయ్ హోటల్ కాడ ఆగి అడిగిన. తెల్ల వ్యానా, ఇప్పుడే పోయింది అన్నడు హోటలాయన. ముసలాయన ఇక్కడ్నే సీసల ఆయిలు పోసిండట, రెండో సీస తెమ్మన్నడట. లేదంటె ఖాళీ సీస వంచి ఆఖరు చుక్కలు గూడ పోసుకొని పోయిండట. ఎందుకో ముసలాయన ముఖం పాలిపోయి ఉన్నదని, జరసేపు కూసొమ్మన్నడట హోటలాయన. పెర్మిలోళ్లు చీకటి కాకముందు ఇల్లు చేరాలె అన్నడట మామ.

అంటే ఆయనకు ఎరుకే. నా మాట పట్టుకొని, ఎరుకుండి పోతున్నడు.

జిమల్‌గట్ట ఇవతల ఒక పొడుగు దిగుడున్నది. దిగుడు కింద వాగు, వాగు మీద ఇరుకు బ్రిడ్జి. ఆ దిగుడుకు రెండు ఫర్లాంగుల ముందుగాల వ్యాను కనవడ్డది. పైన ఎర్ర బస్తాలు, తాడుతోని కట్టిన తలుపు. దాని ఎనుక లైట్లు ఎన్నడో పోయినయి కాబట్టి, బ్రేకు తొక్కుతున్నడో లేదో ఎనుకకెల్లి తెల్వది. నేను హారన్ కొట్టిన. కిటికిలకెల్లి చెయ్యి బయటికి పెట్టి, ముంగటికి పో అని సైడిచ్చిండు. పక్కకు పోయి, ఆపు మామా, బ్రేకు లేదు, ఆపు అని ఒర్లిన. గాలికి మాట పోతలేదు. లోపలి ఆడోళ్లు ఎవడో పోకిరోడు అనుకున్నరు, ఒకామె చెప్పు తీసి చూపెట్టింది. మామ నన్ను గుర్తువట్టి నవ్విండు. ఇదేదో నా ఆటనే అనుకున్నడు. కింద బ్రిడ్జి కాడ ఆపుత అని చెయ్యి చూపిచ్చిండు.

దిగుడు మొదలైంది. ఆయన ముఖం మీది నవ్వు పోయింది, నోరు మూసుకున్నది.

నేను కిటికి పక్కన్నే ఉన్న. ఆయన భుజం ఒకసారి దిగింది, లేచింది. మళ్ల దిగింది. మూడు. నాలుగు. ఐదోసారి దిగిన భుజం చాన కిందికి పోయింది, కాలు కింద ఏం దొరకనట్టు. గేరు ఎనుకకు గుంజిండు, ఇంజను ఒర్రింది, గేరు ఎగిరి బయటవడ్డది. మళ్ల పెట్టిండు. మళ్ల ఎగిరింది. బండి నన్ను దాటి ముంగటికి పోయింది. లోపల ఆడోళ్ల మాటలు ఒక్కసారే బందైనయి.

కింద బ్రిడ్జి మీద బర్రెలు. ఒకాయన ఒక మందనే తోలుకొస్తున్నడు, ఈ కొసకెల్లి ఆ కొస దాక నిండి ఉన్నయి. పక్కకు జరిగే జాగ లేదు. నేను కండ్లు మూసుకుందామనుకున్న, మూసుకుంటె నేనే పడ్త. ఆయన గూడ చూసిండు. ఎడమ దిక్కు, బ్రిడ్జి లేనినాడు ఎడ్లబండ్లు దిగిన పాత తొవ్వ ఒకటి ఉన్నది, నేరుగ వాగు ఇసుకలకు పోతది. దాని దిక్కు ఎవ్వలు చూడరు. ఒడ్డు దొరకనప్పుడు నావను ఇసుకదిబ్బకు ఎక్కియ్యాలె అని ఆయన స్టాండు మీద ఎన్నోసార్లు గొప్పలు చెప్పంగ ఇన్న. ఇప్పుడు స్టీరింగు పావు చుట్టు తిప్పిండు, ఏం కాలే. ఇంకా తిప్పిండు. హారన్ దానంతట అదే మోగింది, వాగంత మోగింది. చక్రాలకు అప్పుడు కబురందింది.

వ్యాను రోడ్డు దిగి ఎగిరింది. తాడు తెగింది, తలుపు తెరుచుకున్నది. పైన బస్తాలు ఒక్కొక్కటే పడుకుంట వచ్చినయి. పది బారల దూరం ఇసుకను ముంగటికి దొబ్బుకుంట పోయి, ఇరుసు దాక కూరుకుపోయి, ఎడమకు వంగి నిలవడ్డది. హారన్ ఇంకా మోగుతనే ఉన్నది.

నేను బైకు యాడ పడేసిన్నో తెల్వది. ఇసుకల పడుకుంట లేసుకుంట ఉరికిన. పగిలిన బస్తాలకెల్లి మిరపకాయ దుమ్ము లేచి ఎర్రగ కమ్ముకున్నది. ఎవ్వల ముఖం కనవడ్తలేదు, ఉత్త దగ్గులు. ఆ దగ్గులు ఇని నాకు ఏడుపొచ్చింది. దగ్గుతున్నరంటె బతికున్నట్టే గద. ఒక్కొక్కలను చెయ్యి పట్టి బయటికి గుంజిన. లెక్కవెట్టిన. పది మంది. మళ్ల లెక్కవెట్టిన, మళ్ల పదే. లోపలికి తల పెట్టి చూసిన, ఎవ్వలు లేరు. వంగిన దిక్కు బండి కింద ఇసుకల ఒక చీరకొంగు కనవడ్డది.

ఆ కొంగు కాడికి పోనీకె పట్టిన గడియ నా బతుకుల అన్నిటికన్న పొడుగు గడియ. కొంగు గుంజితే అది ఉత్త కొంగే, చినిగి చక్రం కింద ఇరికింది. మనిషి నాలుగడుగుల అవతల కూసోని ఉన్నది. రాజుబాయి. ఆ గుంపుకు పెద్దామె ఆమెనే, నలభై అయిదేండ్లుంటయి, గోండి తెలుగు మరాఠీ మూడు మాట్లాడ్తది. తలుపు పక్కన కూసున్నదట, తెరుచుకోంగనే బయట పడ్డదట. మణికట్టు వంకరపోయిన కుడిచెయ్యిని ఒడిల పెట్టుకొని దాని దిక్కే చూస్తున్నది. ఏడుస్తలేదు. మూడు భాషలల్ల తిడ్తున్నది. బండిని తిట్టింది, రోడ్డును తిట్టింది, ముసలాయనను తిట్టింది. నన్ను ఇంకా తిట్టలే, నా సంగతి ఆమెకు తెల్వది.

బర్రెలాయన ఉరికొచ్చి తన తువ్వాల చింపి ఆమె చెయ్యి కట్టిండు. జిమల్‌గట్ట దవాఖానకు ఏదన్న బండి ఆపుత అని రోడ్డెక్కిండు.

నర్సన్న మామ సీట్లనే ఉన్నడు. రెండు చేతులు స్టీరింగు మీద, ఉత్త కాలు బ్రేకు మీద. ఇంకా తొక్కుతనే ఉన్నడు. చాలు మామ, ఆగింది అని కాలు మీద చెయ్యి పెట్టిన. ఆ కాలు చల్లగ ఉన్నది. తెల్లంగి మీద ఎర్ర దుమ్ము. కండ్లకెల్లి నీళ్లు ధారగ కారుతున్నయి, మిరపకాయకా, ఏడుపుకా తెల్వది. ఎవ్వలన్న పోయిండ్రా అని మెల్లగ అడిగిండు. లేదు మామ, అందరున్నరు, రాజుబాయి చెయ్యొకటి ఇరిగింది అన్న. ఊపిరి విడిచిండు. నిండు గోదారి ఈదొచ్చినోని లెక్క విడిచిండు.

మళ్ల జేబుల చెయ్యివెట్టి ఫోన్ తీసి నా చేతికిచ్చిండు.

“కంపెనీ సాబుకు ఫోన్ కలుపు అల్లుడా,” అన్నడు. “ఇందాక ఫోన్ చేసిండు, మాట మధ్యల కట్టయ్యింది. బ్రేకు మేం ఎవ్వలం ఇప్పలేదని చెప్పు. ఇప్పుడన్న రమ్మను.”

ఆ ఫోన్ పట్టుకొని నిలవడ్డ. కలిపితే నా జేబులనే మోగుతది. ఆఖరుకు అన్న, “మామా, సాబు లేడు. ఇంజనీరు లేడు. ఆ గొంతు నాదే. నవ్వుకుందామని చేసిన.”

ఆయన తువ్వాలతోని కండ్లు తుడుసుకొని నన్ను చూసిండు. హారన్ దానంతట అదే బందయ్యింది.

“నేను చెప్పినయి ఎవ్వలు రాసుకోలేదా మరి?” అన్నడు.

“లేదు మామ.”

“ఒక్కటి గూడ?”

“లేదు మామ. నన్ను కొట్టు. ఏమన్న అను.”

ఆయన మెల్లగ కాలు బ్రేకు మీదికెల్లి తీసిండు. తలుపు తెరిచి ఇసుకల దిగిండు, నా భుజం పట్టుకోలే. రాజుబాయి కూసున్న దిక్కు ఒకసారి చూసి, నా దిక్కు తిరిగిండు.

“నాకు చెప్తే ఏమొస్తది? పొయ్యి రాజుబాయికి చెప్పు. ఆమెకు ఇరిగింది ఒక్క చెయ్యే, ఇంకోటి మంచిగనే ఉన్నది.”